రిటైరయ్యాక మళ్ళీ సైకిలెక్కాలంటే: పొద్దున్నే నలుగురితో కలిసి తొక్కేవాళ్ళ కోసం

అరవై దాటి, ఇంట్లో మెట్ల కింద ఓ పాత సైకిల్ ఉండి, మళ్ళీ తొక్కుదామా వద్దా అని ఊగిసలాడుతున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. మాది రాజమండ్రి. పోస్టాఫీసులో పనిచేసి రిటైరయ్యాను. సర్వీసులో చేరిన కొత్తలో సైకిల్ అడ్వాన్సు తీసుకుని కొన్న నల్ల సైకిల్ ఇప్పటికీ నా దగ్గరే ఉంది, దాని మీదే రోజూ పొద్దున్న కోటిలింగాల రేవు దగ్గర బయల్దేరి గోదావరి పక్కనుంచి ధవళేశ్వరం దాకా వెళ్ళి, టీ తాగి వెనక్కొస్తాను. నాతోపాటు ఓ లెక్కల మాస్టారు, రైల్వే గార్డుగా చేసిన ఆయన, బ్యాంకాయన, నర్సుగా రిటైరైన అమ్మగారు, అప్పుడప్పుడూ ఇంకో ఇద్దరు ముగ్గురు.

ఆరేళ్ళ నుంచి మేం మానకుండా తొక్కుతున్నామంటే అది కబుర్ల వల్లే. డాక్టరు చెప్పాడని ఒక్కళ్ళే మొదలుపెట్టినవాళ్ళని చాలామందిని చూశాను, చలికాలం రాగానే దుప్పట్లోంచి లేవలేక మానేశారు. రేవు దగ్గర నలుగురు మన కోసం నిలబడి ఉంటారన్న ధ్యాస ఉంటే మాత్రం కాళ్ళు వాటంతటవే చెప్పుల్లోకి వెళ్తాయి. కాబట్టి సైకిల్ రిపేరు చేయించే రోజే ఇంకో ఇద్దర్ని పోగేయండి. ఇద్దరు చాలు. ఎనిమిది మంది దాటితే గుంపు రెండు ముక్కలవుతుంది, ముందువాళ్ళ మాట వెనకవాళ్ళకి వినపడదు.

ముందు సైకిల్ సంగతి

ఏళ్ళ తరబడి మూల నిలబడ్డ సైకిల్ని గాలి కొట్టించి అమాంతం ఎక్కేయకండి. టైరు పక్క గోడల మీద బొటనవేలు పెట్టి గట్టిగా నొక్కి చూడండి, సన్నటి పగుళ్ళు విచ్చుకుని లోపల దారాలు కనిపిస్తే ఆ టైరు పని అయిపోయినట్టే, పైన గీతలు ఎంత కొత్తగా ఉన్నా సరే మార్చేయాల్సిందే. గాలి కొట్టిన గంటకే దిగిపోతుంటే వెంటనే పంక్చరనుకోకండి. పాత సైకిళ్ళ వాల్వు లోపల ఓ బుల్లి పుల్ల ఉంటుంది, దాని మీద సేమ్యా అంత సన్నటి రబ్బరు తొడుగు ఉంటుంది, వాల్వు ట్యూబంటాం. నా సైకిల్‌కి అది తీసి చూస్తే జీడిలా కరిగి పుల్లకి అతుక్కుపోయి ఉంది. గోటితో గీకి, కొత్త రబ్బరు ముక్కని కాస్త ఉమ్మితో తడిపి, పుల్ల పక్కనున్న చిన్న బెజ్జం పూర్తిగా మూసుకునేలా పైదాకా తొడిగితే మళ్ళీ వారం పాటు గాలి కదల్లేదు. ఐదు నిమిషాల పని. ఓ మూర రబ్బరు కొని ఇంట్లో పెట్టుకోండి, అందరికీ పనికొస్తుంది.

బ్రేకుల విషయంలో మాత్రం మొహమాటం వద్దు. నల్ల సైకిళ్ళకుండే కడ్డీ బ్రేకులు మంచివే గానీ, బ్రేకు రబ్బర్లు ఏళ్ళకి గట్టిపడి రాయిలా అయిపోతాయి, పట్టు ఉండదు. వాటి ఖరీదు చాలా తక్కువ, నాలుగూ ఒకేసారి మార్పించండి. ఇనుప రిమ్ము తడిస్తే కొత్త రబ్బర్లైనా జారతాయి. అందుకని వాన పడ్డ రోజు మామూలుగా నొక్కే చోటికి చాలా ముందునుంచే మెల్లగా నొక్కుతూ రావాలి, మొదటి రెండు మూడు చుట్లు రిమ్ము మీది నీళ్ళు తుడుచుకోవడానికే సరిపోతాయి.

తొక్కినప్పుడల్లా కాలి కింద టక్కు టక్కుమని కొట్టుకుంటోందంటే చాలావరకు అది క్రాంకుని, అంటే పెడలు బిగించే కడ్డీని, ఇరుసుకి పట్టి ఉంచే కాటర్ పిన్ను వదులవ్వడమే. అలాగే తొక్కితే పిన్ను తినేసి క్రాంకు కూడా పాడవుతుంది. దీన్ని ఇంట్లో సుత్తితో కొట్టకుండా షాపుకి తీసుకెళ్ళండి. వెళ్ళినప్పుడే ఓవరాయిలింగ్ చేయించేయడం మేలు, చక్రాలు విప్పి, గుండ్లు కడిగి, కొత్త గ్రీజు పెట్టి, బెండు తీసి ఇస్తారు. మా వీధి చివర మెకానిక్ కుర్రాడు "బాబాయ్ గారూ, ఈ హబ్బులు ఇప్పుడు రావట్లేదండి, పడేయకండి" అని పాత గుండ్లు అరచేతిలో పోసి, అరిగినవి ఏరి ఒక్కొక్కటీ నాకు చూపించాడు. అలాంటి మనిషి మీ ఊళ్ళో దొరికితే వదులుకోకండి. చైనుకి కొబ్బరి నూనె పోసేవాళ్ళున్నారు, దయచేసి పోయకండి, అది జిగురు కట్టి దుమ్మంతా పట్టేస్తుంది. చైను ఆయిలు ఒక్కో లింకు మీద ఒక్కో చుక్క వేసి, పెడలు వెనక్కి తిప్పి, పైన తడి అంతా గుడ్డతో తుడిచేయండి.

సీటు ఎత్తు, ఎక్కడం, దిగడం

మన తరంవాళ్ళం చిన్నప్పుడు అద్దె సైకిళ్ళ మీద నేర్చుకున్నాం. గంటకింతని అద్దె కట్టి, సీటు అందక, కడ్డీ కింద కాలు దూర్చి తొక్కినవాళ్ళం. ఆ తర్వాత సీటు మీదకి వచ్చినా దాన్ని కిందకే దింపుకుని తొక్కడం అలవాటైపోయింది. ఈ వయసులో మోకాలి చిప్ప ముందు నొప్పి రావడానికి పెద్ద కారణం ఆ కిందకి దింపిన సీటే. గోడ పట్టుకుని సీటు మీద కూర్చుని, పెడల్ని బాగా కిందకి తెచ్చి, దాని మీద మడమ పెట్టండి. కాలు పూర్తిగా చాపుకోవాలి, నడుము పక్కకి వాలకూడదు. అదీ మీ ఎత్తు. తొక్కేటప్పుడు పాదం ముందు భాగం పెడల్ మీద ఉంటుంది కాబట్టి మోకాలు కాస్త వంగే ఉంటుంది. మోకాలి వెనక లాగుతుంటే సీటు ఎక్కువైందని అర్థం. ఒక్కసారే రెండంగుళాలు లేపేయకుండా వారానికి కొంచెం చొప్పున లేపుకోండి. ఎత్తు పెరిగితే ఆగినప్పుడు కాలు నేల మీద పూర్తిగా ఆనదు, ఆగే ముందు సీటు మీంచి ముందుకి జరిగి దిగడం అలవాటు చేసుకోవాలి. భయంగా ఉంటే మొదటి నెల కాస్త తక్కువ ఎత్తే ఉంచండి, పడటం కన్నా అదే నయం.

కూర్చున్నచోట తిమ్మిరెక్కితే దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు, ముఖ్యంగా ప్రోస్టేటు ఇబ్బంది ఉన్న మగవాళ్ళు. సీటు ముక్కు పైకి లేచి ఉందేమో చూసుకుని సమంగా చేయించండి, వెడల్పు సీటు వేయించండి, పది నిమిషాలకోసారి పెడళ్ళ మీద లేచి నిలబడండి. అయినా తగ్గకపోతే డాక్టరుకి చెప్పాలి.

ఈ వయసులో ఎక్కుతూ, దిగుతూ పడేవాళ్ళు చాలామంది. మా గార్డుగారు మొదటి నెలలో పాత అలవాటు ప్రకారం కాలు వెనకనుంచి తిప్పి ఎక్కబోయి, ప్యాంటు క్యారేజీకి తగులుకుని సైకిల్‌తో సహా పడ్డారు. మోచెయ్యి గీరుకుపోయింది, అంతకంటే ఎక్కువగా మనసు చివుక్కుమంది, నాలుగు రోజులు రాలేదు. మేమంతా వాళ్ళింటికెళ్ళి కూర్చున్నాం. ఆఖరికి నర్సమ్మగారే చెప్పారు, "అన్నయ్యగారూ, నా సైకిల్‌కి నడుమ కడ్డీ ఉండదు కదా, ఓసారి ఎక్కి చూడండి" అని. అంతే, ఇప్పుడాయన దగ్గర కూడా అలాంటిదే ఉంది. లేడీస్ సైకిల్ అన్న పేరుకి మగవాళ్ళు జంకాల్సిన పనే లేదు, తుంటి పట్టేసినవాళ్ళకి అది దేవుడిచ్చిన వరం. పాతదే ఉంచుకుంటామంటే అరుగు పక్కనో మెట్టు పక్కనో పెట్టుకుని, సైకిల్ని మీవైపు బాగా వాల్చి, కాలు దాటించాక నిలబెట్టుకోండి. పరిగెత్తి ఎక్కడాలు ఇంక వద్దు.

కొత్తది కొనాలనుకునేవాళ్ళకి ఒక్కటే చెప్తాను. లావు టైర్లు, ముందు స్ప్రింగులు ఉన్నవి చూడ్డానికి బలంగా ఉంటాయి, తొక్కడానికి బరువు. సన్నగా నున్నగా ఉన్న టైర్లు, నిటారుగా కూర్చునే హ్యాండిలు, ఏడు గేర్లు ఉంటే మనకి చాలు. మోకాళ్ళు మరీ సహకరించకపోతే కరెంటు సైకిల్ తీసుకోవచ్చు, మోటారు 250 వాట్ల లోపు, వేగం గంటకి 25 కిలోమీటర్ల లోపు ఉండేదైతే రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. బ్యాంకాయన అదే తొక్కుతారు, మాలో ఎవరూ దాన్ని తక్కువగా చూడరు.

అసలు నేర్చుకోనివాళ్ళు కూడా అడుగుతుంటారు. నర్సమ్మగారు అరవై రెండో ఏట నేర్చుకున్నారు. రెండు పెడళ్ళూ విప్పేసి (ఎడమవైపు పెడలు మర అందరూ తిప్పే వైపుకి ఉల్టా ఉంటుంది, అది మర్చిపోయి బలం ఉపయోగిస్తే మర చెడుతుంది), రెండు పాదాలూ నేల మీద పూర్తిగా ఆనేలా సీటు దింపి, మైదానంలో కాళ్ళతో నెట్టుకుంటూ వెళ్ళమన్నాం. వారం రోజులు అదే. కాళ్ళు రెండూ పైకెత్తి పది గజాలు జారగలిగిన రోజు పెడళ్ళు బిగించాం, ఆ రోజే తొక్కేశారు. వెనక సీటు పట్టుకుని పరిగెత్తడం ఈ వయసులో నేర్పేవాళ్ళకీ మంచిది కాదు. చీర కట్టుకుంటే చైను కవరూ, వెనక చక్రానికి జాలీ తప్పనిసరి.

మాటే మన స్పీడోమీటరు

ఎంత వేగంగా తొక్కాలి అని అందరూ అడుగుతారు. పక్కవాళ్ళతో పూర్తి వాక్యాలు మాట్లాడగలిగినంత వేగం. మాట మధ్యలో ఊపిరి కోసం ఆగాల్సి వస్తుంటే వేగం ఎక్కువైంది. హాయిగా పాట పాడగలుగుతుంటే ఇంకాస్త తొక్కొచ్చు. చేతి వాచీలో గుండె లెక్క చూసుకునేవాళ్ళకి ఓ మాట: బీపీకీ గుండెకీ వాడే బీటా బ్లాకర్ మాత్రలు గుండె వేగాన్ని పెరగనివ్వవు, అందుకని వాచీలో అంకె తక్కువే కనిపిస్తుంది, మీరేమో రొప్పుతుంటారు. అంకెని వదిలేసి మాటని నమ్మండి.

ఈ లెక్కన, అందరికన్నా నెమ్మదిగా తొక్కేవాళ్ళని ముందుంచాలి. బలంగా తొక్కేవాళ్ళు చివర. తిరగేసి పెడితే వెనకబడ్డ మనిషి మనల్ని అందుకోవాలని ఆయాసపడి, రెండు రోజులు చూసి మూడో రోజు మానేస్తాడు. పక్కపక్కన తొక్కుతూ మాట్లాడుకోవడం ఖాళీగా ఉన్న గట్టు దారిలోనే. లారీలు తిరిగే రోడ్డెక్కగానే కబుర్లు ఆపి ఒకరి వెనక ఒకరు, మధ్యలో సైకిలంత ఖాళీ వదిలి వెళ్ళాలి. ముందున్నవాళ్ళు గుంత చూస్తే "గుంత" అని అరవాలి, వెనకనుంచి బండి వస్తుంటే చివరున్నవాళ్ళు రెండుసార్లు బెల్లు కొట్టాలి. మా మాస్టారికి ఎడమ చెవి సరిగా వినపడదు, అందుకని ఆయన్ని ఎప్పుడూ మా ఎడమ పక్కనే ఉంచుతాం, అప్పుడు ఆయన కుడి చెవి మావైపు ఉంటుంది.

వీలైతే వెళ్ళేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనకగాలి ఉండేలా దారి చూసుకోండి. ఓపిక ఉన్నప్పుడే కష్టం అయిపోతుంది.

మాట గురించి ఇంకో పెద్ద సంగతి ఉంది. రెండేళ్ళ కిందట ఓ పొద్దున్న, మామూలుగా గట్టు పొడుగునా మాట్లాడే బ్యాంకాయన ఉన్నట్టుండి మౌనంగా అయిపోయారు. ఏమండీ అంటే చిరాగ్గా "ఏం లేదు" అన్నారు. ఆ మాట ముద్దగా వచ్చింది. నర్సమ్మగారు వెంటనే "ఆపండి, అందరూ ఆపండి" అన్నారు. చూస్తే నుదుటి మీద చల్లటి చెమట, హ్యాండిల్ మీద వేళ్ళు వణుకుతున్నాయి. షుగరు మాత్ర వేసుకుని ఏమీ తినకుండా వచ్చేశారట. మూడు చెంచాల గ్లూకోజు నీళ్ళలో కలిపి తాగించి, గట్టు మీద కూర్చోబెట్టి పావుగంట చూశాం, మెల్లగా తేరుకుని మమ్మల్ని చూసి "ఎక్కడిదాకా వచ్చాం?" అని అడిగారు. ఆయన ఆ రోజు ఒక్కరే వచ్చి ఉంటే అన్న ఆలోచన నన్ను ఇప్పటికీ వదల్లేదు.

అప్పటినుంచి మా పద్ధతి ఇది. ఇన్సులిన్ గానీ, గ్లిమిపిరైడ్ లాంటి షుగరు మాత్రలు గానీ వాడేవాళ్ళు ఏ వేళకి వేసుకోవాలో, ముందు ఏం తినాలో డాక్టర్ని అడిగే బయల్దేరాలి, జేబులో గ్లూకోజు పొట్లం ఉండాలి. స్పృహ తప్పిన మనిషి నోట్లో మాత్రం ఏమీ పోయకూడదు, 108కి ఫోన్ చేయాలి. ఛాతీలో బరువు, దవడకో చేతికో పాకే నొప్పి వస్తే ఇంటిదాకా తొక్కి వెళ్దాం అనుకోవద్దు, అక్కడే దిగి కూర్చుని 108ని పిలవాలి. రక్తం పల్చబడే మందులు వాడేవాళ్ళకి తలకి దెబ్బ తగిలితే పైకి ఏమీ కనిపించకపోయినా ఆసుపత్రికి వెళ్ళి తీరాలి. హెల్మెట్ అందరికీ. జేబులో ఓ కాగితం మీద పేరు, ఇంటి ఫోన్ నంబరు, బ్లడ్ గ్రూపు, వాడే మందులు రాసి పెట్టుకోండి. కంటి శుక్లాల ఆపరేషన్ అయినవాళ్ళు డాక్టరు సరే అనేదాకా సైకిలెక్కవద్దు, దుమ్ము కంట్లో పడితే ప్రమాదం. ఇంకొకటి, సైకిల్ గుండెకీ ఊపిరికీ మంచిదే గానీ ఎముకలకి దానివల్ల పెద్దగా బలం రాదు, బరువు కాళ్ళ మీద పడదు కాబట్టి. రోజూ కొంత నడక కూడా ఉండాలి.

ఏ కాలంలో ఎలా

రోహిణి కార్తెలో ఐదింటికే బయల్దేరి ఆరున్నరకల్లా ఇంట్లో ఉంటాం, దాహం వేసేదాకా ఆగకుండా గుక్కెడు గుక్కెడు నీళ్ళు తాగుతూనే ఉంటాం. పుష్య మాసంలో గోదావరి మీద మంచు పట్టి పది గజాల అవతల మనిషి కనిపించడు, అప్పుడు సూర్యుడొచ్చాకే. వెనక ఎర్ర లైటు, లేత రంగు చొక్కా చలికాలమంతా తప్పవు. వరదల్లో ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరి మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చారంటే మేం గట్టు వైపు పోం, ఊళ్ళో వీధుల్లోనే రెండు చుట్లు వేసుకుంటాం. 2022 జులైలో మూడో హెచ్చరిక కూడా దాటినప్పుడు వారం పైగా సైకిళ్ళు బయటికే తీయలేదు, రోజూ మా వరండాలో కూర్చున్నాం.

టీ దగ్గర

బ్యారేజీ దగ్గర టీ కొట్టు ముందు రెండు బల్లలున్నాయి, అరగంట అక్కడ. ఈ అరగంటని తగ్గించుకోకండి. సైకిళ్ళు వరసగా స్టాండు వేయగానే ఎవరో ఒకరు పక్కవాళ్ళ టైరు నొక్కి చూస్తారు, అక్కణ్ణుంచి మొదలవుతుంది మాట. డబుల్స్ తొక్కితే పోలీసాయన గాలి తీసేసిన రోజులు, దీపం లేకుండా రాత్రిపూట దొరికిపోయిన కథలు, అప్పట్లో మున్సిపాలిటీ వాళ్ళు పన్ను కట్టించుకుని ఇచ్చిన సైకిల్ బిళ్ళ, 1847లో మొదలుపెట్టి 1852కల్లా కాటన్ దొర ఆనకట్ట ఎలా పూర్తి చేశాడో మాస్టారు చెప్పే లెక్కలు. ఫ్రాన్సులో రాబర్ట్ మార్షాన్ అనే ఆయన 2017 జనవరిలో, 105 ఏళ్ళ వయసులో గంటలో 22.547 కిలోమీటర్లు తొక్కాడని మాస్టారే చెప్పారు, ఆ వారమంతా అదే కబురు. నవంబరు వచ్చిందంటే లైఫ్ సర్టిఫికెట్లు. బ్యాంకాయన ఫోన్లో ముఖం చూపించి ఎలా పంపాలో ఒక్కొక్కరికీ నేర్పారు, ఇప్పుడు నాకు ఎండలో క్యూలో నిలబడే పని లేదు.

మాకు రెండే కట్టుబాట్లు. రాజకీయాల్లో గొంతు లేచిందంటే గార్డుగారు విజిల్ వేసినట్టు చేస్తారు, అక్కడితో ఆపేయాలి. రెండోది, ఎవరి పిల్లలు ఎంత సంపాదిస్తున్నారన్న లెక్కలు బల్ల దగ్గర వద్దు. ఒంట్లో బాధలు మాత్రం ఎంతసేపు చెప్పినా వింటాం, ఇంట్లో చెప్తే పిల్లలు కంగారుపడతారని దాచుకునేవి చాలా ఉంటాయి మరి. భార్య పోయిన ఏడాది మాస్టారు రెండు నెలలు టీ గ్లాసు పట్టుకుని ఏమీ మాట్లాడకుండా కూర్చునేవారు. ఎవరమూ ఏమీ అడగలేదు, ఆయన చైనుకి మాత్రం వంతులవారీగా ఆయిలు వేసేవాళ్ళం.

రాలేని రోజు ముందు రాత్రే ఫోన్ చేసి చెప్పాలి. చెప్పకుండా రాకపోతే పది నిమిషాలు చూసి మేమే చేస్తాం, ఎత్తకపోతే ఇద్దరం ఇంటికెళ్తాం. ఒంటరిగా ఉండేవాళ్ళు గుంపులో ఉంటే పక్కింటివాళ్ళ నంబరు కూడా రాసి పెట్టుకోండి.

సైకిల్ మానేసినవాళ్ళని గుంపులోంచి తీసేయకండి. మాలో అందరికన్నా పెద్దాయన, ఇరిగేషన్‌లో వర్క్ ఇన్‌స్పెక్టరుగా చేసినాయన, తుంటి ఆపరేషన్ తర్వాత తొక్కడం లేదు. ధవళేశ్వరంలోనే ఉంటారు. మేం వెళ్ళేసరికి కర్ర పక్కన ఆనించి బల్ల మీద కూర్చుని ఉంటారు, టీ అప్పటికే చెప్పేసి ఉంచుతారు. సైకిల్ స్టాండు వేయగానే చెయ్యి చాపి నా ముందు టైరు బొటనవేలితో నొక్కి, "గాలి తక్కువైందండోయ్, రేపు చూసుకుని రండి" అంటారు.